పోర్టబుల్ ఏసీ ఎక్కడ పెట్టాలి? పైపునే అడగండి

నమస్కారం అండి. ఈ రోజు పోర్టబుల్ ఏసీ గురించి మాట్లాడుకుందాం, అదేనండి, కింద చక్రాలుండి గదిలోనే నిలబడి ఉంటుంది చూడండి, అది. ఏది కొనాలి, ఎంతది కొనాలి అన్నది కాదు, కొనేశాక ఇంట్లో ఎక్కడ పెట్టాలి అన్నదే నా గొడవంతా. దీనికో ప్రసంగమా, చక్రాలున్నాయి కదా ఎటు కావాలంటే అటు తోసుకోవడమే కదా అంటారేమో, నేనూ అలాగే అనుకున్నాను. మంచం పక్కన పెట్టుకుంటే గాలి నేరుగా మొహానికి కొడుతుంది కదా అని అక్కడే పెట్టాను. కిటికీ ఏమో అవతలి గోడకి ఉంది, కిటికీలోంచి బయటికి పెట్టాల్సిన ఏసీ పైపు అక్కడిదాకా అందలేదు, ఇంకో పైపు తెచ్చి టేపు చుట్టి అతికించి గది మధ్యలోంచి కిటికీ దాకా లాక్కెళ్లాను. రాత్రంతా అది గుయ్యిమంటూనే ఉంది, గది మాత్రం చల్లబడితే ఒట్టు. పొద్దున్నే ఎందుకో ఆ పైపు మీద చెయ్యి వేశాను, వేడి! అంటే పక్కన ఏసీ, గది మధ్యలో హీటర్ పెట్టుకుని పడుకున్నానన్నమాట.

అసలు సంగతి ఏంటంటే ఏసీ చల్లదనాన్ని తయారుచెయ్యదు, గదిలో ఉన్న వేడిని లాగి బయట పారేస్తుంది. స్ప్లిట్ ఏసీకి ఆ పారేసే డబ్బా గోడ బయట ఉంటుంది కాబట్టి మనకి బెంగ లేదు. పోర్టబుల్‌లో కంప్రెసర్ దగ్గర్నుంచి అన్నీ ఒకే డబ్బాలో, మన గదిలోనే. గదిలోంచి లాగిన వేడి, కంప్రెసర్ పుట్టించే వేడి, అంతా ఆ ఒక్క పైపులోంచే పోవాలి. అందుకే ముందు కిటికీ చూసుకోవాలి, దాని పక్కన ఏసీ, మంచం సంగతి ఆ తర్వాత. కంపెనీ ఇచ్చే పైపు మామూలుగా మీటరున్నర ఉంటుంది, వెడల్పు అయిదారు అంగుళాలు, అది ఎంత పొట్టిగా ఎంత తిన్నగా ఉంటే అంత మంచిది. మెలికలు తిరిగితే వేడి గాలి లోపలే తచ్చాడుతుంది, పొడుగు పెంచితే నా కథే. పైపు మీద వేడి ఆపే తొడుగు చుడితే ఇంకొంచెం మేలు.

ఇంకో మాట, చాలామంది పట్టించుకోనిది. పైపు ఒక్కటే ఉండే ఏసీ గదిలోని గాలినే తీసుకుని దానికి వేడి ఎక్కించి బయటికి తోస్తుంది కదా, మరి అంత గాలి బయటికి పోతే ఆ ఖాళీలోకి ఏదో ఒక గాలి రావాలి. ఎక్కణ్ణుంచి వస్తుంది? తలుపు కింద సందులోంచి, కిటికీ రెక్కల మధ్యలోంచి, ఎక్కడ చిల్లుంటే అక్కణ్ణుంచి. ఏసీ ఆన్ చేసి, తలుపు మూసి, ఆ సందు దగ్గర సన్న కాగితం ముక్క పట్టుకోండి, అది లోపలికి ఊగుతుంది, మీకే తెలుస్తుంది. అందుకని గది ఎంచుకునేటప్పుడు తలుపు అవతల ఏముందో చూడాలి. అవతల చల్లటి హాలు ఉంటే పర్లేదు, ఎండకి కాలే వరండానో పొయ్యి వెలిగే వంటగదో ఉంటే మీరు ఒక పక్క చల్లబరుస్తుంటే ఇంకో పక్క వేడి వచ్చి చేరుతూనే ఉంటుంది. రెండు పైపుల రకం అయితే ఒక పైపుతో బయటి గాలి తీసుకుని రెండో పైపుతో బయటికే వదిలేస్తుంది కాబట్టి ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇది కరెంటు బిల్లు విషయం వరకే అయితే ఇంత గట్టిగా చెప్పను. ఇంట్లో పొగ గొట్టంతో పనిచేసే గ్యాస్ గీజరో కట్టెల పొయ్యో ఉందనుకోండి, ఏసీ గాలి లాగేస్తుంటే పైకి పోవాల్సిన ఆ పొగ వెనక్కి ఇంట్లోకే దిగే ప్రమాదం ఉంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు, దానికి వాసన ఉండదు, కంటికి కనపడదు, ప్రాణాలు తీస్తుంది. అలాంటివి ఉన్న చోట సింగిల్ పైపు ఏసీ వద్దనే నేనంటాను.

కిటికీ లేని గదిలో పెట్టి పైపుని పక్క గదిలోకి వదిలేసేవాళ్లు కూడా ఉన్నారు. ఆ వేడి ఎక్కడికి పోతుందండీ, ఇంట్లోనే తిరిగి తిరిగి మీ దగ్గరికే వస్తుంది. పైపు పెట్టిన కిటికీ పక్కనే ఇంకో కిటికీ తెరిచి ఉంచినా అంతే, వదిలిన గాలి అందులోంచి మళ్లీ లోపలికి. పైపు చుట్టూ మిగిలిన సందు కూడా అట్టముక్కతో కాకుండా కిటికీ సందు మూసే కిట్‌తోనో గుడ్డ సీలుతోనో సరిగ్గా మూసెయ్యండి.

సరే, కిటికీ దొరికింది. ఇక ఏసీని గోడకి ఆనించెయ్యకుండా మాన్యువల్లో చెప్పినంత ఖాళీ వదలండి, ఒక అడుగు నుంచి అడుగున్నర దాకా ఉంటుంది మామూలుగా. కర్టెన్ దాని మీద పడకూడదు, అది గాలి లాక్కునే జాలీకి అతుక్కుంటే ఇక గాలి ఆడదు. ఎండ నేరుగా తగిలే చోట వద్దు, ఉష్ణోగ్రత చూసే సెన్సర్ చాలావాటికి ఆ డబ్బాలోనే ఉంటుంది, దాని పక్కన వేడి ఉంటే గది మొత్తం అంత వేడిగా ఉందనుకుని ఆపకుండా తిరుగుతుంది. ప్లగ్ సంగతి మర్చిపోకండి, ఇది వెయ్యి వాట్ల పైనే లాగుతుంది, నేరుగా గోడలోని పవర్ ప్లగ్‌కే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెడితే వైరు కాలే ప్రమాదం ఉంది. కొన్నింటిలో ఆర్ 290 అనే గ్యాస్ ఉంటుంది, అంటే ప్రొపేనే, మంట అంటుకునేది. గది కనీసం ఎంత పెద్దదుండాలో మాన్యువల్లో రాసి ఉంటుంది, దాన్ని చదవాల్సిందే, దగ్గర్లో మంట ఉండకూడదు.

నేల మట్టంగా ఉండాలి, ఎందుకంటే లోపల నీళ్లు చేరతాయి. చాలా ఏసీలు ఆ నీటిని ఆవిరి చేసి పైపులోంచే పంపేస్తాయి గానీ ఉక్కపోత రోజుల్లో ట్యాంకు నిండి ఆగిపోతుంది, అప్పుడు కింద బిరడా తీసి నీళ్లు వంచాలి. అంచేత ఆ బిరడా దగ్గరికి చెయ్యి వెళ్లేలా చోటు ఉంచుకోండి, కార్పెట్ మీద మాత్రం పెట్టకండి, తర్వాత తుడుచుకోలేక చస్తారు. గాలి రెక్కల్ని కొంచెం పైకి తిప్పండి, చల్లగాలి బరువు, దానంతటదే కిందికి దిగుతుంది, మొహం మీదికి కొట్టక్కర్లేదు.

ఇక శబ్దం. కంప్రెసర్ గదిలోనే కదా, గట్టిగా మాట్లాడుకుంటున్నంత మోత ఉంటుంది, తల దగ్గర పెట్టుకుంటే నిద్ర పట్టదు. నేను రెండో రోజు ఆ అతుకు పైపు పీకేసి ఏసీని కిటికీ పక్కకి తోశాను, పవర్ ప్లగ్ కూడా అదృష్టం కొద్దీ ఆ గోడకే ఉంది. కానీ అప్పుడు మంచానికి, ఏసీకి మధ్య బీరువా అడ్డొచ్చింది. ఏసీని మళ్లీ కదిపితే పైపు వంగుతుంది, బీరువాని కదిపే ఓపిక నాకు లేదు, ఇంక మంచాన్నే జరిపాను, కాళ్లు అటు పెట్టుకుని పడుకుంటున్నాను.