మెమరీ అడగాల్సింది ఎప్పుడు?

అందరికీ నమస్కారం. ఆదివారం కూడా గచ్చిబౌలి ట్రాఫిక్ ఈదుకుంటూ వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా కోడ్‌లోకే వెళ్దాం. లినక్స్ ఫైల్‌సిస్టమ్ కోడ్ రాసేటప్పుడు మెమరీ ఎప్పుడు అడగాలి, దొరక్కపోతే ఏం చేయాలి, అదే ఇవాళ్టి విషయం.

అమీర్‌పేటలో సీ నేర్చుకున్నవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది, మెమరీ అడిగే మాలాక్ రాయగానే కింద నల్ (అంటే మెమరీ దొరకలేదని) వచ్చిందా అని చూసి, వస్తే ఎగ్జిట్ కొట్టేయడం. కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, ఆ సుఖం లేదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే లినక్స్ ఫైల్‌సిస్టమ్ పాత కోడ్ తీసి చూడండి, పాత్ అనే చిన్న స్ట్రక్చర్‌కి మెమరీ అడగడం, కింది లైన్లోనే, దొరక్కపోతే కెర్నల్‌ని ఆపేసే బగ్ ఆన్ పెట్టడం. చెక్ ఉంది, కాదనను, కానీ ఆ కాస్త మెమరీ దొరక్కపోతే కెర్నల్ అక్కడికక్కడే ఊప్స్, అంటే క్రాష్! తర్వాత ప్యాచ్‌ల మీద ప్యాచ్‌లు వేసి వాటిని ఈనోమెమ్ (మెమరీ లేదనే ఎర్రర్) రిటర్న్ చేసేలా మార్చుకుంటూ వచ్చారు.

సరే, ఎర్రర్ రిటర్న్ చేశారు. అప్పటికే సగం చేసిన పని సంగతేంటి? కొత్త ఫైలు కోసం ఐనోడ్ (ఫైలు వివరాలుండే రికార్డు) తీసుకున్నారు, ఏవి వాడుకలో ఉన్నాయో చెప్పే బిట్‌మ్యాప్‌లో గుర్తు పెట్టారు, తీరా డైరెక్టరీలో పేరు ఎక్కించబోతే మెమరీ లేదు. చేసినవన్నీ చివరి నుంచి మొదటికి విప్పుకుంటూ రావాలి, ఎర్రర్ వస్తే దూకాల్సిన గోటో లేబుల్ ఒక్కటి తప్పితే లీక్, లేదా ఒకే మెమరీని రెండుసార్లు ఫ్రీ చేయడం. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ అయితే ఇంకా నిక్కచ్చి: ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిపి జరగాల్సిన పనుల మూటలో) మార్పులు మొదలయ్యాక క్యాన్సిల్ చేస్తే మొత్తం ఫైల్‌సిస్టమ్‌నే షట్‌డౌన్ చేసేస్తుంది. అందుకే నేననేది, కావాల్సిన మెమరీ అంతా ట్రాన్సాక్షన్ మొదలుపెట్టకముందే తెచ్చిపెట్టుకోండి. మధ్యలో అడగక తప్పకపోతే ఫైల్‌సిస్టమ్‌ని కదిలించకుండా మెమరీ ఇవ్వమనే జీఎఫ్‌పీ నోఎఫ్ఎస్ ఫ్లాగ్ వాడండి, లేదంటే మెమరీ ఖాళీ చేసే కోడ్ తిరిగి మీ ఫైల్‌సిస్టమ్‌లోకే వచ్చి, మీరు పట్టుకున్న లాక్ కోసం మీ ముందే కూర్చుంటుంది, ఇక ఎవరూ కదలరు.

అసలు తంటా ఏంటంటే ఈ ఎర్రర్ దారులు మామూలుగా నడవనే నడవవు. ఎనిమిది పేజీల దాకా, అంటే 4 కేబీ పేజీలైతే 32 కేబీ దాకా, మామూలు జీఎఫ్‌పీ కెర్నల్ రిక్వెస్టుకి (కెర్నల్ తనకోసం మెమరీ అడిగే సాధారణ పద్ధతికి) లినక్స్ దాదాపుగా లేదనదు. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, అవసరమైతే ఊమ్ కిల్లర్‌తో ఇంకో ప్రాసెస్‌ని చంపి మరీ ఇస్తుంది. 2014లో దీనిమీద కెర్నల్ డెవలపర్ల మధ్య పెద్ద చర్చే నడిచింది. పైకి మంచిదే అనిపిస్తుంది, కానీ మీ గోటోలు ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా రన్ అవ్వకుండా పడి ఉంటాయి.

కాబట్టి మనమే ఫెయిల్ చేయించాలి. దానికి, మెమరీ అడిగితే కావాలనే లేదనిపించే ఫెయిల్‌స్లాబ్ అనే కెర్నల్ సదుపాయం ఉంది, ఇప్పుడు ఈ వర్చువల్ మెషీన్‌లో చూపిస్తాను. ప్రాబబిలిటీ 10, అంటే నూటికి పదిసార్లు, పెడుతున్నాను, టైమ్స్ మైనస్ ఒకటి, అంటే ఎన్నిసార్లయినా. ఇగ్నోర్ జీఎఫ్‌పీ వెయిట్ అనేదాన్ని మాత్రం తప్పకుండా ఎన్ చేయండి, డిఫాల్ట్‌గా వై ఉంటుంది, అలా వదిలేస్తే నిద్రపోగలిగే (మెమరీ దొరికేదాకా ఆగగలిగే) అలొకేషన్ల జోలికే అది వెళ్లదు, ఫైల్‌సిస్టమ్‌లో ఎక్కువ భాగం అవే, మీరేమో టెస్ట్ పాసైందని సంబరపడతారు. గుర్తుపెట్టిన ప్రాసెస్‌లకే దీన్ని పరిమితం చేసే టాస్క్ ఫిల్టర్ కూడా ఆన్ చేశాను, లేకపోతే షెల్‌కి కూడా దెబ్బ తగులుతుంది. ఇక మౌంట్ కొడుతున్నాను, డీమెసేజ్ (కెర్నల్ సందేశాలు) మీద ఓ కన్నేసి ఉంచండి.