నాలుగు రోజుల నీళ్లు, ఏడు రోజుల సంత: డ్రమ్స్ మీద రెండు తాళాలు ఒకేసారి

[కెమెరా డ్రమ్స్‌కు ఎదురుగా. మాట మొదలవకముందే వాయిద్యం.]

నమస్కారం. ముందు ఇది వినండి.

[మూడుకు నాలుగు. పది సెకన్లు.]

ఇప్పుడు ఇది.

[కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్) నాలుగు మాత్రల, అంటే నాలుగు సమానమైన లెక్కల, నడకలో. రైడ్ సింబల్ బెల్ (పెద్ద లోహపు పళ్లెం మధ్యలోని బుడిపె) ఏడు మాత్రలకు ఒకసారి. ఇరవై సెకన్లు.]

ఈ రెంటినీ చాలామంది ఒకే పేరుతో పిలుస్తారు: రెండు టైమ్ సిగ్నేచర్లు ఒకేసారి వాయించడం అని. టైమ్ సిగ్నేచర్ అంటే ఎన్ని మాత్రలకు ఒక చుట్టు పూర్తవుతుందో చెప్పే లెక్క. మొదట వాయించిన దాంట్లో టైమ్ సిగ్నేచర్ ఒక్కటే ఉంది. రెండోదాంట్లోనే నిజంగా రెండు ఉన్నాయి. పేరుదేముంది, వాయించడం ముఖ్యం అంటారేమో. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదటిదాన్ని నెలల తరబడి సాధన చేసి, రెండోది ఎందుకు రావడం లేదని బెంగపడతారు. ఆ రెంటికీ కావలసిన సాధన వేరు. పేరు కలిపేసినవాళ్ల పొరపాటుకు ఆ పిల్లలు శిక్ష అనుభవిస్తున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే. అందుకే ఈ వీడియో.

ఒక ఊరు ఊహించుకోండి. ఆ ఊళ్లో కుళాయి నీళ్లు నాలుగు రోజులకు ఒకసారి వస్తాయి. సంత మాత్రం ప్రతి సోమవారం. ఒక సోమవారం నీళ్లూ వచ్చాయి, సంతా జరిగింది. ఇక అక్కడి నుంచి లెక్కపెట్టండి. తర్వాత నీళ్లు శుక్రవారం. ఆ తర్వాత మంగళవారం, శనివారం, బుధవారం, ఆదివారం, గురువారం. మళ్లీ సోమవారం. అంటే నీళ్లు, సంత మళ్లీ ఒకే రోజున కలవడానికి 28 రోజులు పట్టింది. ఈలోగా నీళ్లు వారంలోని ఏడు రోజులనూ ఒక్కోసారి తాకి వచ్చాయి.

ఇక్కడ గమనించవలసింది ఒకటే. నీళ్లకూ సంతకూ రోజు అనేది ఒకటే. సూర్యుడు ఇద్దరికీ ఒకేసారి ఉదయిస్తాడు. రోజు పొడవు మారలేదు, ఎన్ని రోజులకు ఒక చుట్టు పూర్తవుతుందన్నదే మారింది. రెండు టైమ్ సిగ్నేచర్లు అంటే ఇదే. మాత్ర ఒకటే, ఆవర్తనాలు వేరు. దీన్ని పాలీమీటర్ అంటారు.

ఇప్పుడు అదే ఊళ్లో ఒక ఇంట్లోకి వెళదాం. తాతయ్యకు రోజుకు మూడు బిళ్లలు, నానమ్మకు నాలుగు. ఇద్దరూ ఉదయం ఆరింటికి మొదలుపెడతారు. తాతయ్యకు ఎనిమిది గంటలకు ఒకటి, నానమ్మకు ఆరు గంటలకు ఒకటి. మర్నాడు ఉదయం ఆరింటికి ఇద్దరూ మళ్లీ కలుస్తారు. ఎప్పుడూ అదే సమయానికి కలుస్తారు, ఎందుకంటే ఇద్దరిదీ ఒకే రోజు. ఆ రోజును ఒకరు మూడు ముక్కలు చేశారు, ఇంకొకరు నాలుగు చేశారు. చుట్టు ఒకటే, ముక్కలు వేరు. ఇది పాలీరిథమ్. నేను మొదట వాయించింది ఇదే.

ఆ ఇంట్లో బిళ్లల డబ్బా ఎప్పుడెప్పుడు తెరుచుకుంటుందో చూడండి. ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది, అర్ధరాత్రి పన్నెండు. మధ్యలో ఖాళీలు ఆరు గంటలు, రెండు, నాలుగు, నాలుగు, రెండు, ఆరు. ఎటు నుంచి చదివినా ఒకటే. మూడుకు నాలుగు వినడానికి అంత నిండుగా, గుండ్రంగా ఉండటానికి కారణం ఈ అమరికే. ఒకసారి చెవికి పట్టిందంటే ఇక పోదు.

మన సంగీతంలో ఈ తేడాకు ఎప్పటినుంచో విడి మాటలున్నాయి. చేతి మీద తాళం అలాగే నడుస్తుండగా, ఒక్కో అక్షరాన్ని, అంటే తాళంలోని ఒక్కో లెక్కను, నాలుగుగా కాక మూడుగా విభజిస్తే గతి భేదం. రెండు వేర్వేరు తాళాలను ఒక్కో చేత్తో ఒకటి వేస్తూ పాడితే ద్వితాళావధానం. మృదంగం నేర్చుకున్నవాళ్లు ఈ రెంటినీ ఎన్నడూ కలిపి చెప్పరు. డ్రమ్స్ నేర్చుకునేవాళ్లకు కూడా అంత స్పష్టత ఉండాలని నా పట్టుదల.

మరి ఇంత తేడా ఉంటే జనం ఎందుకు పొరబడుతున్నారు? దానికి గట్టి కారణమే ఉంది. మళ్లీ మన ఊరికి రండి. ఈసారి గుట్ట ఎక్కి, 28 రోజులనూ ఒకే చూపులో చూడండి. ఆ 28 రోజుల్లో సంత నాలుగుసార్లు జరుగుతుంది, సమాన దూరాల్లో. నీళ్లు ఏడుసార్లు వస్తాయి, అవీ సమాన దూరాల్లోనే. అంటే ఒక పెద్ద చుట్టును ఒకరు నాలుగుగా, ఇంకొకరు ఏడుగా విభజించినట్టు! దగ్గర నుంచి చూస్తే నీళ్లూ సంతా, గుట్ట మీద నుంచి చూస్తే తాతయ్య బిళ్లలూ నానమ్మ బిళ్లలూ. ప్రతి పాలీమీటర్ లోపలా ఒక నెమ్మదైన పాలీరిథమ్ దాగి ఉంటుంది. నాకు ఈ సంగతి మొదటిసారి తట్టిన రోజు నిద్ర పట్టలేదు.

అయితే వాయించేవాడు గుట్ట మీద ఉండడు, ఊళ్లో ఉంటాడు. రోజులు ఒక్కొక్కటిగా గడపాలి. అందుకే సాధన వేరు.

ఇంకో అపోహ. మెదడును రెండుగా చీల్చి, ఒకవైపు నాలుగు, ఇంకోవైపు ఏడు లెక్కపెట్టాలని అనుకుంటారు. అలా ఎవరూ చెయ్యరు. ఆ ఊళ్లో ఇల్లాలు గోడకు రెండు క్యాలెండర్లు తగిలించదు. ఒక్క క్యాలెండరే. నీళ్లు వచ్చే రోజుల చుట్టూ సున్నా చుడుతుంది, అంతే. మీరూ ఒక్కదాన్నే లెక్కపెట్టండి. రెండోది ఆ లెక్కలో ఎక్కడ పడుతుందో గుర్తుపెట్టుకోండి.

చేసి చూపిస్తాను. నోటితో తకధిమి అనండి. ఆపకుండా, తొందర లేకుండా. కిక్ 'త' మీద, స్నేర్ 'ధి' మీద. కుడిచెయ్యి రైడ్ మీద ప్రతి అక్షరానికీ ఒక దెబ్బ. ఇది బాగా స్థిరపడేదాకా ముందుకు వెళ్లకండి.

ఇప్పుడు ఆ కుడిచెయ్యి మూడు దెబ్బలకు ఒకసారి బెల్ మీద పడాలి. మూడు లెక్కపెట్టవద్దు. ఏ అక్షరం మీద పడుతోందో వినండి. మొదటిది 'త' మీద. తర్వాతది 'మి' మీద. ఆ తర్వాత 'ధి'. ఆ తర్వాత 'క'. మళ్లీ 'త'.

[నెమ్మదిగా, రెండుసార్లు.]

త, మి, ధి, క. తకధిమిలో ఒక్కో అక్షరం వెనక్కి జరుగుతోంది. పన్నెండు మాత్రలకు మళ్లీ మొదటికి వచ్చింది. 'త' దగ్గర కిక్ తోడుంటుంది, 'ధి' దగ్గర స్నేర్ తోడుంటుంది. 'మి', 'క' దగ్గర బెల్‌కు తోడు కిక్కూ ఉండదు, స్నేరూ ఉండదు. కొత్తవాళ్లు తడబడేది ఆ రెండు చోట్లే. అక్కడ కాలు కూడా బెల్‌తో పాటు పడాలని ఉబలాటపడుతుంది. పడనివ్వకండి. ఆ రెండు చోట్లనే విడిగా తీసుకుని రోజూ సాధన చెయ్యండి, మిగతాది దానంతట అదే వస్తుంది.

1975లో వచ్చిన, ఇంగ్లండ్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ వారి 'కశ్మీర్' పాట ఈ చెవితో మళ్లీ వినండి. గిటారు మూడేసి మాత్రలతో పైకి ఎక్కుతూ ఉంటుంది. జాన్ బోనమ్ డ్రమ్స్ మాత్రం నాలుగేసి మాత్రలతో, ఏమీ జరగనట్టు నడుస్తాయి. పన్నెండు మాత్రలకు రెండూ కలుస్తాయి. బోనమ్ అక్కడ కష్టమైనదేమీ వాయించలేదు, గిటారు వెంట పరుగెత్తకుండా నిలబడ్డాడు. ఆ నిలకడే నాకు ఆ పాటలో అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

ఇప్పుడు ఏడు. భయపడకండి. ఏడు అంటే తకిట తకధిమి. బెల్ ఏడు మాత్రలకు ఒకసారి కొడితే ఎక్కడెక్కడ పడుతుంది? మొదటి మాత్ర, ఎనిమిదో మాత్ర, పదిహేనోది, ఇరవై రెండోది. అక్షరాల్లో చెబితే త, మి, ధి, క. మూడుకు వచ్చిన వరసే! మధ్యలో ఒక తకధిమి ఎక్కువ గడుస్తుంది, అంతే. మూడు వచ్చినవాళ్లకు ఏడు సగం వచ్చినట్టే. పదకొండుకూ ఇదే వరస. ఐదుకు మాత్రం దిశ మారుతుంది: త, క, ధి, మి, ముందుకు జరుగుతుంది. అది మీరే ప్రయత్నించండి, సమయం అయిపోతోంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. నీళ్లూ సంతా కలిసేదాకా 28 రోజులు ఆగాలని నియమం లేదు. ట్యాంకరు తెప్పించుకోవచ్చు. మృదంగ విద్వాంసులు చేసేది అదే. ఆదితాళానికి ఎనిమిది లెక్కలు; చతురస్ర గతిలో, అంటే ఒక్కో లెక్కను నాలుగుగా విభజిస్తే, ఒక ఆవర్తనానికి 32 మాత్రలు. ఏడేసి మాత్రలు నాలుగుసార్లు వేస్తే 28, మిగిలిన నాలుగుకు ఒక తకధిమి వేసి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వస్తారు. రెండు ఆవర్తనాలైతే 64, అందులో ఏడేసి మాత్రలు తొమ్మిదిసార్లు పోగా ఒక్క మాత్ర మిగులుతుంది. స్వీడన్ బృందం మెషుగా డ్రమ్మర్ టోమాస్ హాకే ఒక చేత్తో సింబల్ మీద నాలుగు నడుపుతూ, కాళ్లతో గిటారు వెంట బేసి లెక్కలు వాయిస్తాడు. వాళ్లూ చాలా చోట్ల ఆ లెక్కను మధ్యలో తెంచి, నాలుగో ఎనిమిదో బార్ల (ఆవర్తనాల) చివర మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. ఆ తెంపే చోటును ఎంచుకోవడంలోనే వాళ్ల రుచి తెలుస్తుంది.

ఇంకొక్క మాట. 4/4 మీద 7/8 అని రాసి ఉంటే (పై అంకె ఎన్ని మాత్రలో, కింది అంకె ఆ మాత్ర ఎంత పొడవో చెబుతుంది) రెంటికీ మాత్రను ఎనిమిదో వంతుగా తీసుకోవాలి. అప్పుడు ఎనిమిదికి ఏడు, కలయిక 56 దగ్గర. 28 దగ్గర కలవలేదని కంగారుపడకండి.

మెట్రోనోమ్ (వేగం చెప్పే టిక్కుల యంత్రం) నిమిషానికి 70 టిక్కుల మీద పెట్టాను, ఒక టిక్కుకు ఒక అక్షరం. మీరు నోటితో తకధిమి అంటూ ఉండండి. బెల్ నాలుగుసార్లు మోగుతుంది. ఐదోసారి మోగినప్పుడు సోమవారం.

[వాయిద్యం. 28 మాత్రలు, ఆపైన ఒక్క దెబ్బ.]