వెనక మూత తెరిస్తే తెలుస్తుంది

హోస్ట్: నమస్కారం. ఇవాళ మనతో బెంగళూరు చిక్కపేటలో చాలా ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్న బాబాయ్ ఉన్నారు. బాబాయ్, సూటిగా అడుగుతా. పది లక్షల స్విస్ వాచీలో పది లక్షల పనితనం ఉంటుందా?

బాబాయ్: ఉండదు నాయనా. అట్లని ఏమీ లేదనడమూ అన్యాయమే. టైమ్ కోసమైతే అంత పెట్టనక్కర్లేదు. టైమ్ సరిగ్గా చూపిస్తుందని సర్టిఫికెట్ ఉన్న, బ్యాటరీ లేని స్విస్ మెషిన్‌కైనా, అంటే వాచీని తిప్పే లోపలి యంత్రానికైనా, రోజుకు నాలుగు సెకన్లు వెనక, ఆరు సెకన్లు ముందు దాకా మినహాయింపుంది. మామూలు బ్యాటరీ వాచీ నెలంతా తిరిగినా పావు నిమిషం అటూ ఇటూ.

హోస్ట్: మరి డబ్బు దేనికి పోతోంది?

బాబాయ్: కొంత పనికి, ఎక్కువ పేరుకి. పని ఎక్కడుందో చెప్తా విను. మంచి వాచీ మూత తీసి లెన్స్ పెట్టుకుంటే, లోపలి పలకల అంచులు ఏటవాలుగా చెక్కి అద్దంలా మెరుస్తుంటాయి. ఆ అంచులు రెండూ లోపలికి కలిసే మూల చూడాల. అక్కడ గీత కత్తిలాగా తేలిందంటే మనిషి చేత్తో దిద్దినట్టే. మిషన్ కట్టరు ఆ మూలని గుండ్రంగానే వదిలేస్తుంది. అటువంటి మూల కనబడితే నేను చేతులు కట్టుకుని చూస్తా.

హోస్ట్: చాలా కంపెనీలు మెషిన్ బయటినుంచి తెచ్చుకుంటాయి కదా, అది మోసం కాదా?

బాబాయ్: కానే కాదు. రోలెక్స్ డేటోనాలో 1988 నుంచి 2000 దాకా తిరిగింది జెనిత్ అనే వేరే కంపెనీ మెషిన్. 1972లో వచ్చిన ఆడెమార్ పిగే వాళ్ల రాయల్ ఓక్‌కి, 1976 నాటి పటెక్ ఫిలిప్ వాళ్ల నాటిలస్‌కి, రెండింటికీ మూలం జేగర్-లెకూల్ట్ర్ అనే మరో కంపెనీ మెషినే. అద్భుతమైనవి అవి. నన్ను బాధపెట్టేది డయల్ మీద వేసే పాత సంవత్సరం. బ్లాంక్‌పాన్ అనే స్విస్ కంపెనీ 1735లో పుట్టామంటుంది, క్వార్ట్జ్, అదే బ్యాటరీ వాచీ, ఎన్నడూ చెయ్యలేదంటుంది. నిజమే, కానీ క్వార్ట్జ్ ముంచెత్తిన రోజుల్లో ఆ పేరే మూలన పడుంది. 1980ల మొదట్లో వేరేవాళ్లు ఆ పేరు కొని లేపారు.

హోస్ట్: మధ్యలో ఆగితే వారసత్వం పోయినట్టేనా?

బాబాయ్: అట్లా అనను. జర్మనీలో లాంగె అనే వాచీ కంపెనీని 1948లో ప్రభుత్వం లాక్కుంది, 1990లో ఆ కుటుంబంవాడే వాల్టర్ లాంగె మళ్లీ నిలబెట్టాడు. ఇప్పుడు వాళ్లు ప్రతి వాచీనీ ఒకసారి బిగించి, విప్పి, మెరుగుపెట్టి, మళ్లీ బిగిస్తారు. ఆ పనితోనే వారసత్వం తిరిగి సంపాదించుకున్నారు.

హోస్ట్: మన ఊరి హెచ్‌ఎంటీ?

బాబాయ్: దాని మాటొస్తే నాకు మనసు ఆగదప్పా. 1961లో జపాన్ సిటిజన్ తోడ్పాటుతో ఇక్కడే మొదలైంది. జనతా వాచీ, కీ ఇచ్చేది, చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు 17 ఉన్నది. మూత తీస్తే మెరుపేమీ ఉండదు, రాళ్ల చుట్టూ నూనె ఎండి నల్లగా కట్టుకుపోయి ఉంటుంది. విప్పి కడిగి, సూదిమొనతో కొత్త నూనె తాకిస్తే టైమ్‌ని నడిపే బ్యాలెన్స్ చక్రం ఊగడం మొదలెడుతుంది. తాత వాచీ మనవడి చేతికొచ్చేది అట్లనే. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు కోపం.

హోస్ట్: ఇప్పుడు పెళ్లికి మంచి వాచీ కొనాలనుకునేవాళ్లు ఏం అడగాలి?

బాబాయ్: లోపలుండే మెషిన్ ఎవరిది, దాని నంబరెంత, ఇరవై ఏళ్ల తర్వాత విడిభాగాలు ఇస్తారా, బెంగళూరులోనే సర్వీసింగ్ చేస్తారా, దానికెంత తీసుకుంటారు. ఇవన్నీ చెప్పకుండా వెయిటింగ్ లిస్టు గురించే మాట్లాడే దుకాణంలో కొనొద్దు.