గుప్పెడు బురద, ముప్పై ఏళ్ల పని

[దృశ్యం: కోరంగి మడ అడవి. పాటు, అంటే సముద్రపు నీరు వెనక్కి తీసే సమయం. ఒడ్డుకి ఒరిగిన నావ, పక్కన మోకాలి లోతు బురద.]

అందరికీ నమస్కారం. కాకినాడకు దక్షిణాన కోరంగిలో ఉన్నాను. ఇక్కడికొచ్చినవాళ్లు మడ చెట్లు చూస్తారు, నీటికుక్క కనబడితే ఫోన్లు తీస్తారు. నేను బురద కోసం వస్తాను. ఇందులో బతికే, కంటికి ఆనని జంతువులే నా ఉద్యోగం. "అదేం ఉద్యోగమమ్మా?" అని మా ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. ఈ వీడియో వాళ్లకోసమే.

[క్లోజప్: ముందు భాగం కోసేసిన ప్లాస్టిక్ సిరంజి]

మా ముఖ్యమైన పనిముట్టు ఇదే. మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజి. మూతి కోసేసి, నెమ్మదిగా బురదలోకి దింపి, పైకి తీస్తాను. చూడండి: పైన గోధుమ రంగు, కాస్త కిందకి వెళ్లగానే నలుపు. వాసన చూస్తే కుళ్లిన గుడ్డులా ఉంటుంది. అక్కడ ఆక్సిజన్ అందదు. అందుకే ఎక్కువ జీవులు పైనున్న రెండు మూడు సెంటీమీటర్లలోనే ఉంటాయి.

"గబగబా కానిచ్చెయ్యమ్మా, పోటొచ్చేత్తాది" అంటున్నారు నావ నడిపే బాబాయ్. ఆయన మాట వినాలి. ఏ కాలవలోకి నీరు ఎప్పుడు తిరుగుతుందో ఆయనకి తెలిసినట్టు ఏ యాప్‌కీ తెలియదు.

[దృశ్యం: ల్యాబ్. జల్లెడ మీద నీటి ధార.]

అర మిల్లీమీటరు జల్లెడలోంచి జారిపోయి, 63 మైక్రాన్ల జల్లెడలో ఆగేవాటిని మెయోఫానా అంటారు. మొదట ఫార్మలిన్‌లో నిల్వ చేసి, రోజ్ బెంగాల్ అనే రంగు వేస్తాం. జంతువులు గులాబీ రంగుకి తిరుగుతాయి, మట్టి రేణువులు అలాగే ఉండిపోతాయి. ఇక సూది పట్టుకుని ఒక్కొక్కటి ఏరడమే. మంచి బురదలో చదరపు మీటరుకి పది లక్షల జీవులు ఉండొచ్చు. సగానికి పైగా నెమటోడ్‌లనే సన్నటి పురుగులు. తర్వాత ఎక్కువగా కనిపించేవి రొయ్యలకి చుట్టాలైన చిట్టి జీవులు, కోపిపాడ్‌లు. రొయ్య పిల్లలకీ చేప పిల్లలకీ ఇవి మంచి మేత.

చదువుకునే రోజుల్లో ఒకసారి సీసాల మీద మార్కర్‌తో పేర్లు రాశాను. ఫార్మలిన్ ఒలికి అన్నీ చెరిగిపోయాయి. ఏ సీసా ఏ కాలవదో తెలియక నెల రోజుల పని పారబోశాను. అప్పటినుంచి పెన్సిల్‌తో చీటీ రాసి సీసా లోపలే వేస్తున్నాను. ఈ రంగంలోకి వస్తే ముందు నేర్చుకోవాల్సింది అదే.

[తెరపై: కైనోరింక్ బొమ్మ]

నాకు ఎంతో ఇష్టమైనది ఈ కైనోరింక్. మిల్లీమీటరు కూడా ఉండదు. తలచుట్టూ ముళ్ల వరుసలు, తల లోపలికి లాక్కుంటూ బయటికి తోస్తూ బురదలో ముందుకు పోతుంది. దీన్ని పట్టే పద్ధతి ఇంకా బాగుంటుంది. బురద కలిపిన సముద్రపు నీళ్లలోకి గాలి బుడగలు ఊదితే, ఇవి తేలివచ్చి పైపొరకి అతుక్కుంటాయి. దాని మీద కాగితం అద్ది తీసేయడమే. ఈ పద్ధతి పెట్టిన అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ హిగ్గిన్స్ జీవితమంతా ఇలాంటి జీవులతోనే గడిపారు. 1983లో డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టెన్‌సెన్ లోరిసిఫెరా అనే కొత్త జంతు వర్గాన్నే లోకానికి చూపించినప్పుడు, దాని పిల్ల దశకి హిగ్గిన్స్ పేరే పెట్టారు.

మనవాళ్లేం తక్కువ తినలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావుతో కలిసి వాల్తేరు తీరంలో ఇసుక రేణువుల సందుల్లో బతికే జీవుల గురించి 1962లోనే ప్రచురించారు.

[దృశ్యం: మైక్రోస్కోప్ ముందు కుర్చీ]

చదువు సంగతి. జువాలజీ గానీ మెరైన్ బయాలజీ గానీ ఎమ్మెస్సీ, తర్వాత నెట్ పరీక్ష, పీహెచ్‌డీ. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రం ఉంది. ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల చిట్టి గుల్లలు చదవడం వస్తే చమురు అన్వేషణలోనూ పని దొరుకుతుంది, ఎందుకంటే రాతిపొర వయసు ఆ గుల్లలు చెబుతాయి. దాచకుండా ఒక మాట: పర్మనెంట్ పోస్టు రావడానికి ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా ప్రాజెక్టు ముగుస్తుందంటే టెన్షనే. కానీ నెమటోడ్‌ని చూసి పేరు చెప్పగలిగేవాళ్లు చాలా తక్కువ. బురదలో నడక చిన్నప్పుడే వచ్చిన మన డెల్టా పిల్లలు ఇటు రావాలని నా కోరిక.

[దృశ్యం: మళ్లీ నావ. నీరు ఎక్కుతోంది.]

వర్షాకాలంలో ఎర్రనీరు దిగగానే ఈ కాలవలో ఉప్పు ఒక్కసారిగా పడిపోతుంది. ఉప్పు నీటికి అలవాటుపడ్డ ఈ జీవుల్లో ఏవి తట్టుకుంటాయో, ఏవి పోతాయో లెక్క తీయాలి. గుర్తుకి ఈ మడ చెట్టుకి ఎర్ర తాడు కట్టాను. వరద తగ్గాక సరిగ్గా ఇక్కడే సిరంజి దింపుతాను. బాబాయ్, వచ్చేస్తున్నా!