రెండు సీసాలు

అధ్యక్షులకి, వేదిక మీది పెద్దలకి, ఇంత ఉక్కలోనూ పౌర గ్రంథాలయానికి వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పాలి గానీ, నాకిచ్చింది పదిహేను నిమిషాలే.

నేరం, సమాజం, శిక్ష. ఇదీ అంశం. నేరం లేని సమాజం ఉండదని ఫ్రెంచి సామాజికవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1895లోనే అన్నాడు. ఏది నేరం అన్నది మాత్రం కాలాన్నిబట్టి, చోటునిబట్టి మారుతుంది. దాని మీదే నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. కానీ ఇందాక ఆటోలో వస్తూ ఒక వైన్ షాపు ముందు జనాన్ని చూశాను. ఇక మా చిన్నమావయ్య సంగతి చెప్పకుండా ఉండలేను.

1995 జనవరి 16 నుంచి మన రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద మొదలుపెట్టిన పోరాటంతో వచ్చింది అది. వాళ్లది న్యాయమైన కోపం, అందులో నాకు అనుమానం లేదు. యానాం మాత్రం పుదుచ్చేరి కిందిది కాబట్టి అక్కడ మందు దొరికేది. 1996లో మావయ్య యానాం వెళ్లి, కాకినాడ మీదుగా బస్సులో వస్తున్నాడు. సంచిలో కాజాల డబ్బా, దాని కింద లుంగీలో చుట్టిన రెండు సీసాలు. చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. పొద్దున యానాంలో బిల్లు కట్టి కొన్న వస్తువే సాయంత్రానికి నేరమైపోయింది. మూడు రోజులు సబ్ జైలు. పేపర్లో జిల్లా పేజీలో ఇంటిపేరుతో సహా వేశారు.

1997లో నిషేధం ఎత్తేశారు. 2019 అక్టోబరు నుంచి అయిదేళ్లు ప్రభుత్వమే దుకాణాలు పెట్టి అమ్మింది. మావయ్యని మాత్రం ఎవరూ విడుదల చెయ్యలేదు. గుమాస్తా ఉద్యోగం పోయింది. కూతురికి వచ్చిన రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. నన్ను కూడా వీధిలో ఆపి, "ఆ జైలుకెళ్లొచ్చినాయన మేనల్లుడివేటి?" అనేవారు. కోర్టు వేసే శిక్షకి ఒక తేదీ ఉంటుంది. ఊరు వేసేదానికి ఉండదు.

ఒక్క మనిషికే ఇలా అయితే, కులం మొత్తానికి ముద్ర వేస్తే? 1871లో తెల్లవాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ తీసుకొచ్చారు. మన ఎరుకలవాళ్లలో చాలామంది ఉప్పు, ధాన్యం పశువుల మీద మోసుకెళ్లి ఊరూరా అమ్ముకునేవారు. ఉప్పు పన్ను, రైళ్లు ఆ బేరాన్ని దెబ్బతీశాయి. పొట్టకూటికి తిరిగే ఆ మనుషుల్నే పుట్టు దొంగలన్నారు. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా కదలకూడదు. 1952లో ఆ చట్టం రద్దయింది. అయినా ఏదైనా వస్తువు కనిపించకపోతే ఇప్పటికీ ఆ ఊరి పేరు పెట్టి నవ్వుకునేవాళ్లున్నారు. మీలో ఎవరెవరు నవ్వారో చెయ్యెత్తమని అడగను. నేనూ నవ్వాను, కాలేజీలో. పక్క బెంచీలో ఆ కులం కుర్రాడు పుస్తకంలోంచి తలెత్తలేదు. ఈ ముద్ర జైలు లోపలా వదల్లేదు. జైలు మాన్యువళ్లలో కులాన్నిబట్టి పనులు పంచే నియమాలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు 3 దాకా పట్టింది.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. అయ్యా, రెండే నిమిషాలు.

లా చదివే పిల్లలు చాలామంది వచ్చారు, వాళ్లకి చెప్పాలి. ఏజెన్సీ నుంచి కూలికి గంజాయి బస్తా మోసి దొరికిపోయే కుర్రాళ్ల వార్తలు రోజూ చదువుతున్నాం. ఇరవై కిలోలు దాటితే కనీసం పదేళ్లు. గంజాయి పిల్లల్ని తినేస్తోంది, కేసులు పెట్టాల్సిందే. కానీ ఆ కుర్రాడు తన ముప్పయ్యో ఏట బయటికొచ్చి మీ అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని అడుగుతాడు. ఆ రోజు అసోసియేషన్ మీటింగులో మీరేం మాట్లాడతారో ఇవాళే ఆలోచించుకోండి, బాబూ.

మావయ్య ఆ తర్వాత ఏ శుభకార్యానికీ వెళ్లలేదు. నా పెళ్లికీ రాలేదు. చదివింపుల కవరు మా అమ్మ చేత పంపాడు. లోపల నూటపదహార్లు ఉన్నాయి. కవరు మీద పేరు రాయలేదు.