స్కెచ్ ఎవరు వేస్తున్నారు?

అందరికీ నమస్కారం.

మా ఇంటి పై అంతస్తు కట్టిన తాపీ మేస్త్రిది శ్రీకాకుళం వైపు. పని అయిపోయాక ఓ ఆదివారం ఇద్దరం ఇక్కడే గాంధీనగర్‌లో ఒక క్రైమ్ కామెడీకి వెళ్లాం. దారి పొడవునా ఆయన ఒకటే కబుర్లు. సినిమాలో గ్యాంగ్ లీడర్ పక్కన ఓ మొద్దు అనుచరుడు ఉన్నాడు. "ఏటి గురూ, ఏటి సేద్దాం?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆ మాటలో జోకేమీ లేదు, యాస ఒక్కటే ఉంది. వాడు నోరు తెరిచినప్పుడల్లా అదే నవ్వు. ఇంటర్వెల్లో క్యాంటీన్ దగ్గర మేస్త్రి నా చేతిలో వంద నోటు పెట్టి, గొంతు తగ్గించి, "మీరే సెప్పండి బాబూ, రెండు సమోసాలు" అన్నాడు.

అప్పటిదాకా నేనూ పగలబడి నవ్వినవాణ్నే. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు.

సినిమాల్లో ఎవరికి చోటు దొరుకుతోందన్న మాట రాగానే మనం తలలు లెక్కపెడతాం. ఆడవాళ్లెందరు, ముస్లింలెందరు, ఫలానా జిల్లా వాళ్లెందరు అని. క్రైమ్ కామెడీకి ఆ లెక్క చాలదు. ఈ కథలు నడిచేదే తప్పుల మీద. నలుగురు కలిసి స్కెచ్ వేస్తారు, అది బెడిసికొడుతుంది, డబ్బు సంచి చేతులు మారుతుంది. స్కెచ్ వేసినవాడు ఎంత తెలివితక్కువ పని చేసినా మనకు ముద్దొస్తాడు. వాడి అప్పు, వాడి అద్దె బాకీ, వాడి ప్రేమ మనకు ముందే తెలుసు కాబట్టి. పక్కవాడు అదే తప్పు చేస్తే మాత్రం వాడి నలుపు మీద, లావు మీద, నత్తి మీద నవ్వుతాం. వాడికేం కావాలో మనకెవరూ చెప్పలేదు మరి.

1993లో వచ్చిన 'మనీ' తీసుకోండి. అందులో ఖాన్ దాదా వేషం బ్రహ్మానందం గారిది. మన సత్తెనపల్లి వైపు మనిషే. ఆ దాదాను పేరు చూసి, భాష చూసి వెక్కిరించి వదిలేయొచ్చు. కానీ అతనికి సినిమా హీరో కావాలన్న కోరిక ఉంది. ముప్పై ఏళ్లు దాటినా జనానికి అతను గుర్తున్నది ఆ కోరిక వల్లేనని నా నమ్మకం.

2019లో 'బ్రోచేవారెవరురా'లో కిడ్నాప్ నాటకంలో, ఎత్తుకెళ్లారని చెప్పే ఆ అమ్మాయే భాగస్వామి. అదే ఏడాది నెల్లూరులో ఓ డిటెక్టివ్ ఆఫీసు తెరిచి మనల్ని నవ్వించాడు 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'. 2023లో 'కీడా కోలా'లో బొద్దింక ఉన్న కూల్‌డ్రింక్ సీసాతో డబ్బు గుంజాలన్న పథకంలో టూరెట్ సిండ్రోమ్, అంటే తన ప్రమేయం లేకుండానే కదలికలు, శబ్దాలు వచ్చేసే నరాల సమస్య, ఉన్న కుర్రాడికీ వాటా ఉంది. అతని తడబాటు మీదే నవ్వించిన చోట్లు నాకు నచ్చలేదు. అయినా అతను మూల నిలబడ్డవాడు కాదు. ఇక ట్రాన్స్‌జెండర్ పాత్ర కనబడగానే హీరో దడుచుకుని పారిపోయే సీన్లున్నాయి చూశారా, అవి చూస్తే కడుపు మండుతుంది.

షార్ట్ ఫిల్ములు తీసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. స్క్రిప్టు రాశాక ఒక్క పని చేయండి. యాస తీసేసి ఆ డైలాగు పైకి చదవండి. నవ్వొస్తే అది జోకే. అప్పుడు యాస తిరిగి పెట్టండి, ఇంకా బాగా పేలుతుంది.

కిందటి సంక్రాంతికి ఊరెళ్తూ మేస్త్రి మా ఇంటికొచ్చాడు. వరండాలో కూర్చుని ఓ సంగతి చెప్పాడు. ఏదో సైటులో రోజూ రాత్రి రెండు సిమెంటు బస్తాలు మాయమయ్యేవట. తిట్లేమో కూలీలకు. ఈయన స్కెచ్ వేశాడు. బస్తాల చుట్టూ సున్నం పొడి చల్లి పడుకున్నాడు. తెల్లారేసరికి తెల్లటి అడుగులు గేటు దాకా, అక్కణ్నుంచి కాంట్రాక్టరు బావమరిది స్కూటర్ దాకా ఉన్నాయట. ఎవరికీ చెప్పలేదు. చీపురు తెచ్చి, ఆ బావమరిది చూస్తుండగా ఒక్కో అడుగూ నెమ్మదిగా ఊడ్చాడట.

"నానేటీ అన్లేదు బాబూ. సాయంత్రానికి మా బాకీ కూలంతా వొచ్చీసింది."

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది. మా అబ్బాయి మళ్లీ చెప్పమన్నాడు. ఆయన అదే గొంతుతో, అదే యాసతో మొదటి నుంచీ ఎత్తుకున్నాడు.