ఆర్థో-పారా క్యాటలిస్ట్: తయారు చేసి, పరీక్షించడం ఎలా?

నమస్తే అండీ. హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చే ప్లాంట్లలో ఒక క్యాటలిస్ట్ (ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చు కాకుండా మార్పును వేగంగా జరిపించే పదార్థం) తప్పనిసరిగా ఉంటుంది. దాన్ని ల్యాబులో ఎలా సిద్ధం చేయాలో, పనిచేస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలో ఈరోజు చూద్దాం.

ముందు అది ఎందుకు కావాలో చెప్తాను. హైడ్రోజన్ అణువులో రెండు ప్రోటాన్లుంటాయి. వాటి స్పిన్లు (చిన్న అయస్కాంతాల్లా వాటికుండే దిశ) ఒకే వైపు ఉంటే ఆర్థో, ఎదురెదురుగా ఉంటే పారా. మామూలు వేడిలో 75 శాతం ఆర్థో, 25 శాతం పారా. మైనస్ 253 డిగ్రీల దగ్గర దాదాపు అంతా పారాగా మారాలి, కానీ దానంతటది మారాలంటే చాలా రోజులు పడుతుంది. మారేటప్పుడు కిలోకి సుమారు 527 కిలోజౌళ్ల వేడి బయటికొస్తుంది. కిలో ద్రవ హైడ్రోజన్ ఆవిరి కావడానికి 446 చాలు! ట్యాంకుకు ఎంత మంచి ఇన్సులేషన్ ఉన్నా, మార్చకుండా నింపితే మొదటి రోజే ఐదో వంతు దాకా పోతుంది. శ్రీహరికోట నుంచి లేచే ఎల్‌వీఎం3 రాకెట్ పై దశలో మండేది ద్రవ హైడ్రోజనే. అలాంటి ఇంధనాన్ని నిల్వ చేయాలంటే చల్లబరిచేటప్పుడే ఈ మార్పు పూర్తి చేయించాలి.

ఆ పని చేసేది ఐరన్ ఆక్సైడ్. దాని ఉపరితలం మీది ఇనుము అయాన్లకు అయస్కాంత గుణం ఉంటుంది, దగ్గరికొచ్చిన అణువులో స్పిన్‌ను తిప్పేది అదే. ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో క్షారం కలిపితే గోధుమరంగు జెల్ దిగుతుంది. క్లోరైడ్ పోయేదాకా కడిగి, ఆరబెట్టి, నలిపి, జల్లెడ పట్టండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. గింజల లోపల తేమ ఉంటే క్యాటలిస్ట్ పడుకున్నట్టే. ట్యూబులో నింపాక వాక్యూమ్ పెట్టి, 100 నుంచి 150 డిగ్రీల మధ్య కొన్ని గంటలు ఆరబెట్టండి. అంతకు మించి వేడి చేస్తే ఉపరితలం తగ్గిపోతుంది. ఆరిన తర్వాత గాలి తగలనివ్వకండి. కొత్త పదార్థం కోసం తాపత్రయపడే చాలామంది ఈ ఒక్క మెట్టు తొందరగా దాటేస్తారు. నా దృష్టిలో సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది.

టెస్ట్‌కి వద్దాం. సన్నటి రాగి ట్యూబులో కొద్దిపాటి క్యాటలిస్ట్ వేసి, లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచండి. అక్కడ 77 కెల్విన్, అంటే సుమారు మైనస్ 196 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రతలో పారా సుమారు 50 శాతం దాకానే వెళ్లగలదు. లోపలికి పంపే హైడ్రోజన్‌లో 25. బయటికొచ్చే వాయువును థర్మల్ కండక్టివిటీ సెల్‌తో (వాయువు వేడిని ఎంత బాగా మోస్తుందో చూపే పరికరంతో) కొలవండి. చల్లగా ఉన్నప్పుడు పారా వేడిని ఎక్కువగా మోసుకుపోతుంది కాబట్టి తేడా కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ. బయట 44 శాతం వచ్చిందనుకుందాం. మారగలిగిన 25లో 19 మారింది, అంటే 0.76. మిగిలిన 0.24కి సహజ లాగరిథమ్ (ln) తీస్తే మైనస్ 1.43. ఆ మైనస్ గుర్తు తీసేసి, ఫ్లోతో (వాయువు ప్రవాహంతో) గుణించి, క్యాటలిస్ట్ ఘనపరిమాణంతో భాగిస్తే రేట్ కాన్‌స్టంట్, అంటే క్యాటలిస్ట్ ఎంత చురుగ్గా పనిచేస్తోందో చెప్పే సంఖ్య వస్తుంది. ఇప్పుడు ఫ్లో రెట్టింపు చేయండి. లెక్క ప్రకారం 38 దగ్గర రావాలి. అంతకంటే బాగా ఎక్కువ వస్తే, వాయువు గింజ దగ్గరికి చేరడమే ఆలస్యమవుతోందని అర్థం. గింజలు చిన్నవి చేసినప్పుడు రేటు పెరిగితే, అడ్డంకి గింజ లోపల ఉంది. ఈ రెండూ చూడకుండా ఇది మెరుగైన క్యాటలిస్ట్ అని ప్రకటించడం సరికాదు.

భద్రత సంగతి. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య హైడ్రోజన్ అంటుకుంటుంది. ముందు హీలియంతో పర్జ్ చేయండి, అంటే హీలియం పంపి లోపలి గాలిని తరిమేయండి. ట్యూబు చల్లబడిన తర్వాత నైట్రోజన్ వాడితే అది లోపలే ద్రవమైపోవచ్చు. వెంట్ (వాయువును వదిలే గొట్టం) ఆరుబయటికే ఉండాలి.

చివరిగా, అదే ఫ్లోలో బెడ్‌ను (ట్యూబులో నింపిన క్యాటలిస్ట్‌ను) నడుపుతూ రోజూ ఒకసారి కొలవండి. రేటు పడిపోతే మళ్లీ ఆరబెట్టి చూడండి. తిరిగి లేచిందంటే తేమ చేరిందని అర్థం. లేవకపోతే హైడ్రోజన్ శుద్ధి చేసే భాగాన్ని తనిఖీ చేయండి.